ఎర్రగీతలతో సహా

పోయిన వారం కుప్పం నుంచి ఒక చిన్న టీచరమ్మ ఫోన్ చేసింది. చిన్న అంటే వయసులోనే, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. వాళ్ళ బడి పిల్లలు రాసిన కథలన్నీ కలిపి పుస్తకం వేస్తాండారంట, అచ్చుకు పోయే ముందు నేనొక తూరి చూసిపెట్టాలంట. "తప్పులుంటే దిద్దండి మేడం, అట్లనే ఎవురికన్నా ఇబ్బందిగా ఉండేటివి ఉంటే తీసేయండి" అనింది. తప్పులు దిద్దుతాను గానీ తీసేసే పని నాకు చేతగాదమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినోళ్ళు, మీకు చేతగాకపోవడమేంది" అనింది. నిజానికి చేతగాక కాదు. ఒక తూరి మరీ బాగా చేతనయింది. అది ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు కాబట్టి, పొయ్యి మీద పాలుండాయని అబద్ధం చెప్పి పెట్టేసినాను.

నేను రిటైరయ్యే ముందటేడు పుంగనూరు పక్కన ఒక ఊరి హైస్కూల్లో ఉన్నాను. ఇల్లేమో మదనపల్లెలో. పొద్దున ఏడున్నర బస్సు పట్టుకుంటే ప్రేయరు బెల్లుకు దిగేదాన్ని. ఆ బస్సులో పాల క్యాన్ల మధ్య, టమోటా బాక్సుల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో పిల్లల నోటుపుస్తకాలు పెట్టుకుని దిద్దేదాన్ని. రోడ్డులో గుంత వచ్చినప్పుడల్లా నా ఎర్రపెన్ను దాని ఇష్టమొచ్చిన చోట గీత పెట్టేది. పిల్లలు పాపం అది కూడా తప్పే అనుకుని ఇంటికి పోయి దిద్దుకొచ్చేవాళ్ళు. ఒక్కరు కూడా ఇదేం తప్పు మేడం అని అడిగిన పాపాన పోలేదు. నాకూ అది సుఖంగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

మా బడిలో ఏటా ఒక లిఖిత పత్రిక తీసేవాళ్ళం. అచ్చు వేయించే స్తోమత లేదు. పిల్లలు రాసినవి నేను దిద్దితే, చేతిరాత బాగుండే పిల్ల ఒకతె తెల్ల కాగితాల మీద ఫెయిర్ కాపీ చేసేది. దాన్ని అట్టవేసి కుట్టించి, వార్షికోత్సవం రోజు టేబులు మీద పెట్టేవాళ్ళం. ఉండేదే ఒక్క ప్రతి. ఆ కాపీ రాసే పిల్ల అక్షరాలు కందిపప్పు పరిచినట్టు గుండ్రంగా, సమంగా ఉండేవి. అంతకు ముందటేడు హెడ్మాస్టరు గారి సందేశంలో ఒక మాట తప్పని తోచి, తనంతట తనే మార్చి రాసింది. మార్చింది సరైనదే, అదే చిక్కయింది. ఆయన మొహం మాడ్చుకుంటే నేను ఆ పిల్లను పట్టుకుని, "నీ తెలివి యాడా చూపొద్దు, కాగితం మీద ఏముంటే అది, కామా కూడా వదలకుండా ఎక్కించు" అని గట్టిగా తిట్టినాను.

నేను చెప్తాండే ఏడు తొమ్మిదో తరగతిలో ఇంకో పిల్ల ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పత్రికకు 'మా ఇంట్లో పురుగులు' అని నాలుగు పేజీలు రాసి తెచ్చింది. బస్సులో చదువుతా చదువుతా నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినాను. పురుగులు ఆకు తింటాంటే వందమంది అవ్వలు ఒకేసారి వక్కాకు నమిలినట్టు ఉంటాదంట. పురుగులకు పడదని వాళ్ళింట్లో ఊదొత్తులు లేవు, దోమల చుట్టలు లేవు, వాళ్ళమ్మ మొహానికి పౌడరు కూడా పూయదంట. చదివి ఎంత ముచ్చటపడినానో, అంత భయపడినాను. ఎందుకంటే మధ్యలో ఇట్లా ఉండాది: "పురుగులకు చలేస్తే మా నాయన బొగ్గుల కుంపటి పెడతాడు. మాకు చలేస్తే దుప్పటి సాలదా అంటాడు." కడాకు వచ్చేసరికి ఇంకా దారుణం. "గూడు కట్టే ముందర పురుగులన్నీ మెత్తబడి చచ్చిపోయినాయి. మా నాయన గుంత తీసి పూడ్చినాడు. పూడ్చి, షెడ్డు వెనక గోడకు తల ఆనించి ఏడ్చినాడు. నేను చూసినాను. పోయి పట్టుకోవాల్సింది. పోలేదు. లోపలికి పోయి లెక్కలు చేసుకున్నాను. ఆ పొద్దు లెక్కలన్నీ కరెక్టుగా వచ్చినాయి."

ఊరంతా వచ్చే సభలో, టేబులు మీద అందరికీ అందే పుస్తకంలో, ఒక రైతు గోడకు తల పెట్టి ఏడ్చినాడని ఆయన కూతురే రాస్తే ఆ మనిషి పరువేం కావాల. నేను అట్లా ఆలోచించినాను. కుంపటి మాటా, ఏడ్చిన మాటా రెండూ గీసి కొట్టేసి, వాటి స్థానంలో "కష్టనష్టాలకు వెరవని పట్టురైతు జాతికి గర్వకారణం" అని నా సొంత కవిత్వం ఒక ముక్క చేర్చినాను. అప్పట్లో అది నాకు చాలా బాగుందనిపించింది.

ఆ పిల్ల కాగితాలు చూసుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. "ఇది యాల కొట్టేసినారు మేడం, అబద్ధమా?" అనడిగింది. అబద్ధం కాదు కాబట్టే కొట్టేసినానన్నాను. "అట్లయితే నా పేరు తీసేయండి. ఇది నేను రాసింది కాదు" అనింది. పేరు లేకుండా వేయరు పాపా అంటే, "అయితే మొత్తం తీసేయండి" అనింది. ఎంత పొగరు అనుకున్నాను. తీయను పో అన్నాను. పోయింది. ఆ పొద్దు నుంచి నా క్లాసులో నోరు విప్పలేదు. వ్యాసం రాయమంటే గైడులో ఉండేది ఉన్నట్టు దించేది. ఒక్క తప్పు ఉండదు, ఒక్క ప్రాణమున్న మాట ఉండదు, మార్కులు వేయక తప్పదు. మూడు వారాలు అట్లా పదికి పది వేసినాను. రాయడం వచ్చిన పిల్ల చేత రాయడం మానిపించినానని నాకు తెలస్తానే ఉండాది, అయినా నా మాట మీద నుంచి నేను దిగలేదు. టీచర్లకు అదొక జబ్బు.

వార్షికోత్సవం పొద్దున పత్రిక కుట్టు పనైపోయి నేరుగా టేబులు మీదికి వచ్చింది. నేను డాన్సు పిల్లలకు చీరలు కట్టించేదానికి, దండలు వెతికేదానికి తిరుగుతాండాను, తెరిచి చూసే తీరిక లేకపోయింది. కొంచేపటికి చూస్తే టేబులు చుట్టూ గుంపు. ఏ ఏడూ ఆ పత్రిక మొహం చూసినోళ్ళు లేరు. సంగతేందని తొంగి చూస్తే, కాపీ రాసే పిల్ల నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. కాగితం మీద ఏముందో అదంతా ఎక్కించింది. కొట్టేసిన వాక్యాలు కూడా ఎక్కించింది, వాటి మీద స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో సమంగా గీతలు కూడా గీసింది. ఇంక జనం నల్లటివన్నీ వదిలిపెట్టి ఎర్రగీతలు ఎక్కడుండాయా అని వెతుక్కుని చదువుతాండారు. "దిద్దకుండానే పెట్టేసినారా మేడం?" అని హెడ్మాస్టరు చెవిలో అడిగినాడు. "దిద్దినాను సార్, దిద్దింది కూడా రాసేసింది" అన్నాను. ఆ పిల్లను పిలిచి అడిగితే, "కామా కూడా వదలొద్దన్నారు కదా మేడం" అనింది. అమాయకత్వమో, నాకు పెట్టిన వాతో, ఈ పొద్దుకీ తేల్చుకోలేకుండా ఉండాను.

ఇంతలో గుంపు తోసుకుని ఒకాయన ముందుకొచ్చినాడు. ఉతికిన తెల్ల చొక్కా, చేతులకు మల్బరీ ఆకు పసరు మరకలు. వెనకే పురుగుల కథ రాసిన పిల్ల. "అమ్మా, నాకు సంతకం వరకే వచ్చు. మా పాప రాసింది సదివి ఇనిపించండి" అన్నాడు. నేను కుర్చీ వేయించి కూర్చోబెట్టి, గీతలున్న చోట్లన్నీ దాటేసి చదివినాను. కడాకు నా గర్వకారణం దగ్గర గొంతు కూడా పెంచినాను. ఆయన తల ఊపి, పేజీ మీద వేలు పెట్టి, "ఈడ ఎర్రగా ఉండాదే, ఇది సదవలేదే" అన్నాడు. అది కొట్టేసిందప్పా అన్నాను. "ఎవురు కొట్టేసినారు?" అన్నాడు. నేనే అన్నాను. "రాసింది ఆ పాపే గదమ్మా. అదీ సదువు."

చదివినాను. కుంపటి దగ్గర ఆయన నవ్వినాడు. గోడ దగ్గర కూడా ఆపకుండా, లెక్కలు కరెక్టుగా వచ్చినాయి అనేదాకా చదివినాను. ఆయన ఆ కాగితం మీద నుంచి తల తిప్పకుండానే, "సూసినావా పాపా" అన్నాడు. ఆ పిల్ల ఊ అనింది. "నువ్వు రాకపోయిందే మంచిదాయ" అన్నాడు. "వచ్చుంటే నీ ముందర ఆపుకోవాల్సి వస్తాండె. ఆ పొద్దు నన్ను ఏడ్సనిచ్చినావు." అంతే. ఆ పిల్ల ఇన్నాళ్ళు బిగబట్టుకున్నదంతా ఆయన భుజం మీద దించుకుని ఏడ్చింది. నేను కాపాడతాననుకున్న పరువు ఎవరిదో, దాన్ని అడిగిందెవరో నాకు అర్థం కాలేదు. నిలువునా సిగ్గుపడినాను.

వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చి, ఆ కాగితాలు ఇంట్లో ఉంటే బాగుంటాదన్నాడు. పత్రిక స్కూలు రికార్డు, ఇయ్యకూడదన్నాడు హెడ్మాస్టరు. ఆయన మాటా నిజమే. మధ్యాన్నం హెడ్మాస్టరు భోజనానికి పోయినప్పుడు నేను బ్లేడు తెచ్చి, ఆ నాలుగు పేజీలు కుట్టు దగ్గర జాగర్తగా కోసి, పాప చేతికిచ్చి పంపించినాను. సోమవారం నాటికి ఆ పిల్ల వ్యాసంలో గైడు పోయి వాళ్ళ మేక వచ్చింది. పదికి ఏడు వేసినాను, తప్పులు అన్ని ఉండాయి మరి.

పత్రిక ఇప్పటికీ ఆ బడి బీరువాలోనే ఉండుంటాది. ఎప్పుడో ఒకరు దుమ్ము దులిపి తెరిస్తే, మధ్యలో నాలుగు పేజీలు కోసేసి ఉంటాయి. ఎవరో మహాతల్లి పిల్లలు రాసింది ఓర్వలేక చించేసిందని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఆ తిట్లు నాకు న్యాయంగా రావాల్సినవే, కాకపోతే కాలం కొంచెం ఆలస్యంగా తెచ్చిస్తాది.