గేటు మీటింగులో నా సగం ప్రసంగం

ధరల పెరుగుదల గురించి మా ఇంట్లో రెండు సిద్ధాంతాలు ఉండేవి. ధరలు పెరుగుతున్నాయి కాబట్టి జీతం పెరగాలన్నది నాన్నది. జీతం పెరుగుతుందని తెలియగానే ధరలు పెరుగుతాయన్నది అమ్మది. నాన్న రైల్వే వర్క్‌షాపులో, బోగీల చక్రాలు బాగుచేసే విభాగంలో ఫిట్టరు. కార్మిక సంఘం తరఫున ఆ విభాగానికి కార్యదర్శి కూడా. అమ్మకు ఏ సంఘమూ లేదు. ఆమెకున్నవల్లా రెండు నైలాన్ సంచులు, వారానికోసారి పద్మారావు నగర్ నుంచి బోయిన్‌పల్లి మార్కెట్టుకు వెళ్లివచ్చిన అనుభవం.

"డీఏ పెరిగిందని పేపర్ల రాకముందే టమాటకు తెలుస్తది," అనేది అమ్మ. "దానికి ఎవరు ఫోన్ చేసి చెప్తరో ఏమో."

"టమాటనే ముందు పెరిగింది. తర్వాతనే మేం అడిగినం."

"మీరు అడిగిన్రని కోపం వచ్చి ఇంకింత పెరిగింది."

నేనప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కాలేజీ డిబేటింగ్ జట్టుకు నాయకురాలిని. భోజనాల దగ్గర ఈ చర్చ మొదలైనప్పుడల్లా అధ్యక్షస్థానం నాదేనని ప్రకటించుకున్నాను. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డుపడరాదని నియమం కూడా పెట్టాను. అమ్మ ఆ నియమాన్ని ఒక్క పూట పాటించింది. ఆ పూట ఆమెకు గొంతునొప్పి.

మా జట్టుకు శిక్షణనిచ్చిన లెక్చరరు గారు చెప్పినవాటిలో నేను అక్షరాలా నమ్మినది ఒకటుంది. ఎదుటి పక్షం వాదాన్ని వాళ్లకంటే బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించాలి. అలా కాకుండా బలహీనమైన వాదాన్ని నిలబెట్టి పడగొట్టడం దిష్టిబొమ్మను కొట్టడంతో సమానం. అందుచేత నా ప్రతి ప్రసంగంలోనూ మొదటి సగం ప్రత్యర్థులది, రెండో సగం నాది. న్యాయనిర్ణేతలకు ఇది బాగా నచ్చేది. మూడు షీల్డులు ఇలాగే వచ్చాయి. దీన్ని నేను ఒక పద్ధతిగా కాక నీతిగా భావించేదాన్ని.

ఆ సంవత్సరం వేతన సవరణ వాయిదా పడుతూ వచ్చింది. సమ్మెకు వెళ్లాలా వద్దా అన్నది సభ్యుల రహస్య ఓటుతో తేల్చాలని సంఘం నిర్ణయించింది. జీతాలు పెంచితే ద్రవ్యోల్బణం వస్తుందా, ద్రవ్యోల్బణం వల్ల జీతాలు పెంచాలా అని టీవీలో నలుగురు నాలుగు గడుల్లో కూర్చుని ఏకకాలంలో అరిచేవారు. వాళ్ల మధ్య సమయం అయిందని గంట కొట్టే మనిషి లేనందుకు నాకు బాధగా ఉండేది.

నాన్న బాధ వేరు. వర్క్‌షాపులో ఒక్కో విభాగాన్నీ 'షాపు' అంటారు. "మా షాపు మొత్తం సమ్మె దిక్కే" అని ఆయన పై నాయకులకు మాట ఇచ్చాడు. అంతటితో ఆగితే సరిపోయేది. "ఓట్లు తక్కువైతే నేను ఈ కుర్చీల కూసోను" అని కూడా అన్నాడు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఆయన కూర్చోవడం మొదలై పదహారేళ్లయింది. అది పోతే ఆయనకు ఏం మిగులుతుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఓటింగుకు ముందురోజు గేటు మీటింగు పెట్టారు. మధ్యాహ్నం భోజన విరామం అరగంట. ఆ అరగంటలో అందరూ టిఫిన్ డబ్బాలతో గేటు దగ్గరకు వస్తారు, ఒకరు బల్లమీద నిలబడి మాట్లాడతారు, సైరన్ మోగగానే అందరూ లోపలికి వెళతారు. సైరన్ తర్వాత బయట ఉంటే జీతం కోత.

"మావోళ్లకు రోజూ నా గొంతే," అన్నాడు నాన్న. "చదువుకున్న పిల్ల చెప్తే వింటరు. జెర వచ్చి నాలుగు ముచ్చట్లు చెప్పు బిడ్డా."

నేను రెండు రోజులు కూర్చుని ప్రసంగం రాసుకున్నాను. ఐదు నిమిషాలు ఎదుటి వాదం, ఐదు నిమిషాలు మనది. కాగితం చూపించమని నాన్న అడగలేదు. సొంత కూతురు ఏ పక్షమో అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన ఆయనకు రాలేదు.

మీటింగుకు రెండు వందల మందికి పైగా వచ్చారు. నాన్నతో పాటే ఉద్యోగంలో చేరిన వెల్డరు, నేను పెద్దనాయనా అని పిలిచే ఆయన, పులిహోర డబ్బాతో ముందు వరసలో నిలబడ్డాడు. పైనుంచి వచ్చిన నాయకుడికి దండలు వేయడంలో ఎనిమిది నిమిషాలు, ఆ దండలు తీసి పక్కన పెట్టడంలో రెండు నిమిషాలు గడిచాయి. నన్ను పరిచయం చేస్తూ నాన్న నా మూడు షీల్డుల చరిత్రా చెప్పాడు.

నేను బల్ల ఎక్కి మొదలుపెట్టాను. జీతం పెరిగిందన్న వార్త ముందుగా చేరేది ఇంటి ఓనరుకేనని, ఆ నెలలోనే అద్దె పెరుగుతుందని అన్నాను. నవ్వులు. బోయిన్‌పల్లిలో టమాటాకు ఈ సంగతి డీఏ ఉత్తర్వు కంటే ముందే తెలుస్తుందన్నాను. ఈలలు. రైళ్లు ఆగితే మొదట ఇబ్బంది పడేది ఏసీ బోగీలో ప్రయాణించే ఆఫీసరు కాదు, జనరల్ బోగీలో నిలబడి వచ్చే కూలీ అన్నాను. "సహీ బాత్!" అన్నారెవరో. ఏ పోటీలోనూ నాకు ఇంతటి చప్పట్లు రాలేదు. న్యాయనిర్ణేతలు తల ఊపుతారు తప్ప ఈల వెయ్యరు. ఐదు నిమిషాలకు ఆపవలసిన సగాన్ని నేను పొడిగించాను. సమ్మె రోజుల జీతం కోతను, పిల్లల ఫీజులను, కాగితంలో లేని ఉదాహరణలను కూడా చేర్చాను. చివరికి చెయ్యెత్తి, "ఇదంతా ఎదుటివారు చెప్పే మాట. ఇందులోని దోషాన్ని ఇప్పుడు..." అన్నాను.

సైరన్ మోగింది.

చప్పట్లు కొడుతూనే అందరూ వెనక్కి తిరిగారు. నేను బల్లమీద నుంచి "మొదటి దోషం!" అని అరిచాను. వినడానికి మిగిలింది దండలు పక్కన పెట్టుకున్న నాయకుడు ఒక్కడే.

పెద్దనాయన వెళుతూ వెళుతూ డబ్బా మూత బిగించి, "మస్తు చెప్పినవ్ బిడ్డా. సమ్మె ఒద్దంటవ్, అంతే కదా?" అన్నాడు.

షిఫ్టు ముగిసేదాకా సంఘం ఆఫీసులో కూర్చుని, సాయంత్రం నాన్న స్కూటరు ఎక్కాను. ఇంటి సందు మలుపులో ఆయన, "నాలుగు ముచ్చట్లు చెప్పుమంటే అవుతలోళ్లయి చెప్పినవేందే?" అన్నాడు.

"రెండో సగంలో ఖండించేదాన్ని నాన్నా."

"మాకు ఒక్క సగమే లంచ్ ఉంటది."

ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ ఫోను పట్టుకుని వెలిగిపోతోంది. నా ప్రసంగాన్ని ఎవరో వీడియో తీశారు. సమ్మె వద్దనే అవతలి సంఘం వాళ్లు దానికి 'కార్యదర్శి బిడ్డనే చెప్తుంది: సమ్మె వద్దు' అని శీర్షిక పెట్టి పంపిణీ చేశారు. వీడియో సరిగ్గా నేను చెయ్యెత్తే ముందు ఆగిపోతుంది.

"మొత్తం నా మాటలే!" అంది అమ్మ. "టమాట సంగతి సుత చెప్పింది. మంచిగుందని మా గ్రూపుల అందరికీ పంపిన."

ఆ గ్రూపులో ఉన్నవాళ్లంతా నాన్న షాపు కార్మికుల భార్యలు. నెలకోసారి చిట్టీ పాటకు కలుస్తారు, మిగిలిన ముప్పై రోజులు వాట్సాప్‌లో కలుస్తారు. నాన్న సోఫాలో కూలబడ్డాడు.

"లంచ్ అయినకాడి నుంచి ముగ్గురు వచ్చి అడిగిన్రు, ఓటు ఎటేయాల్నని. నా బిడ్డ ఒక తీరు, నేనొక తీరు అయితే వాళ్లు ఎటు పోతరు?" అన్నాడు. "రేపటితోని ఆ కుర్చీ అయిపోయినట్టే."

రెండో సగాన్ని వీడియో తీసి పంపుతానని నేను ప్రతిపాదించాను. ఎంత సేపు ఉంటుందని అమ్మ అడిగింది. ఐదు నిమిషాలన్నాను, న్యాయంగా ఉండాలంటే ముందు మొదటి సగం సారాంశం కూడా ఒక నిమిషం చెప్పాలన్నాను. నాన్న కళ్లు మూసుకున్నాడు. అమ్మ ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు ఉదయం షిఫ్టు వేళకు నాన్నతో పాటు నేనూ గేటు బయట నిలబడ్డాను. ఓటు పెట్టె లోపల ఉంది. నడిచిపోయే మనిషికి ఐదు నిమిషాల వాదం చెప్పడం సాధ్యం కాదు కాబట్టి దాన్ని వాక్యాలుగా కోసి తలా ఒకటి ఇచ్చాను. "ధరలు పెరగడానికి జీతం ఒక్కటే కారణం కాదు," అన్నాను ఒకరితో. ఆయన "గుడ్ మార్నింగ్" అన్నాడు. "అయితే," అన్నాను వెనక వచ్చిన ఆయనతో. ఆయన అనుమానంగా చూసి నడక పెంచాడు.

పెద్దనాయన మాత్రం ఆగాడు. "నీ తక్లీఫ్ ఎందుకు బిడ్డా? రాత్రి మీ అమ్మ ఆడియో వచ్చింది కదా. మా ఇంటామె అన్నం పెట్టకముందు వినిపించింది, పెట్టినంక మళ్లొకసారి వినిపించింది."

ఆయన ఫోనులో విన్నాను. అమ్మ గొంతు, వెనక కుక్కర్ చప్పుడు. "వదినలారా, టమాట మన చేతుల లేదు. జీతమన్నా అడుగుడు మన చేతులున్నది. మా బిడ్డ మాట పూర్తి కాలే, సైరన్ వచ్చింది. రేపు మీ ఇంటాయన సమ్మెకు ఓటేసి రాకుంటే, వచ్చే నెల మార్కెట్టుకు ఆయన్నే పంపుండ్రి." అంతే. ఎదుటి పక్షానికి అందులో ఒక్క క్షణం కూడా కేటాయించలేదు.

సాయంత్రం లెక్కింపులో నాన్న షాపు నుంచి సమ్మెకు వ్యతిరేకంగా వచ్చిన ఓట్లు వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడని, లేవమన్నా లేవడం లేదని పెద్దనాయన ఫోన్ చేసి చెప్పాడు. సమ్మె జరగనే లేదు. చర్చలకు పిలిచారు, కొంత ఒప్పుకున్నారు. అది తర్వాతి సంగతి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మను నిలదీశాను. "నీ సిద్ధాంతం మార్చుకున్నావా?"

"ఎందుకు మార్చుకుంటా? జీతం పెరగనీ, టమాట పెరగకుంటే అడుగు."

"మరి ఆ ఆడియో?"

"కుర్చీ పోతే ఈయన రోజూ సాయంత్రం ఆరింటికే ఇంటికొస్తడు. వచ్చి ఎవరికి ఉపన్యాసమిస్తడు? నాకే కదా!"

నాన్న నవ్వలేదు. కంచం పక్కకు జరిపి నావైపు తిరిగాడు. "గది సరే. నీకు ఓటుంటే దేనికి వేస్తుంటివి? అవుతలోళ్లది, ఇవుతలోళ్లది కాదు. నీది చెప్పు."

మూడేళ్ల డిబేటింగులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పోటీల్లో పక్షాన్ని చీటీ తీసి నిర్ణయించేవారు. కూలీ నిలబడి వచ్చే జనరల్ బోగీ గుర్తొచ్చింది. అది నేను చప్పట్ల కోసం అన్న మాట కాదు, నమ్మి అన్నదే. నాన్న చేతుల మీది గ్రీజు మరకలు కూడా కనిపించాయి.

"సమ్మెకే," అన్నాను.

నాన్న గోడ గడియారం చూశాడు. "ఒక్క మాటకు ఇంత సేపా?" అన్నాడు.