మేకర్‌కీ చెకర్‌కీ నేను కుదిర్చిన రాజీ

పొందూరు ఖద్దరు చొక్కాకి సరిగ్గా గంజి పెట్టేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. పెడితే అట్టముక్క, పెట్టకపోతే గోనెసంచి. దీనికీ బ్యాంకుకీ సంబంధం లేదు. వినేవాళ్లు లేక ఇక్కడ రాశాను.

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్లో, నన్ను శృంగవరపుకోట శాఖకు మేనేజరుగా వేశారు. అక్కడ గుమస్తా అప్పలనాయుడు కంప్యూటర్లో ఎక్కించిన ప్రతి వివరాన్నీ ఆఫీసరు సన్యాసిరావు అసలు కాగితంతో పోల్చి ఆమోదించాలి. మొదటాయన మేకర్, రెండో ఆయన చెకర్. ఈ తనిఖీలన్నీ సక్రమంగా జరుగుతున్నాయని నెలనెలా సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మేనేజరు. తేడా వస్తే ముందుగా కదిలేది అతని పింఛను.

అదృష్టవశాత్తు వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఇళ్లు పక్కపక్కనే. సన్యాసిరావు పెరటి కొబ్బరిచెట్టు మట్ట నాయుడి స్కూటరు మీద పడింది. అప్పట్నుంచి నాయుడి పనిలో చుక్క తప్పినా సన్యాసిరావు వెనక్కి కొట్టేవాడు. ఆడిటర్లు మా శాఖను మెచ్చుకున్నారు.

నాకు మంచితనం ఎక్కువైంది. ఒక ఆదివారం ఇద్దర్నీ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి శ్రీకూర్మం తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి బావలైపోయారు.

సోమవారం నుంచి నాయుడు, "బావా, ఓపాలి సూడు" అనేవాడు. "నువ్వు సేసినాక నాను సూసీదేటి బావా!" అని సన్యాసిరావు మీట నొక్కేవాడు. నేను ముచ్చటపడి, వాళ్లు పంపిన ఫారాల మీదా, నెలాఖరున సర్టిఫికెట్ మీదా సంతకం పెట్టేవాణ్ణి.

కొన్ని నెలలకు రాములమ్మ వచ్చింది. డెబ్బై దాటిన రైతు. మర్నాడు విజయనగరంలో కంటి ఆపరేషన్, డిపాజిట్ తీసుకోవాలి. ఆవిడ సంరక్షకుణ్ణి తీసుకురమ్మంది కంప్యూటరు. పుట్టిన తేదీ గడిలో, ఆవిడ డిపాజిట్ వేసిన తేదీ ఎక్కించాడు నాయుడు. ఆ లెక్కన ఆవిడకు ఏడు నెలలు.

"మాయమ్మ పోయి ముప్పై ఏళ్లయినాది. ఎవుల్ని తెమ్మంతావు?" అంది.

దిద్దాలంటే ప్రాంతీయ కార్యాలయం అనుమతి కావాలి. అనుమతి రావాలంటే శాఖలో తనిఖీ జరగలేదని, అంటే నా సర్టిఫికెట్లు తప్పని, నేనే రాసివ్వాలి. కాసేపు పింఛను గురించి ఆలోచించాను. ఆవిడ కంటి మీద తెల్లటి పొర స్పష్టంగానే కనబడుతోంది. రాసిచ్చాను. సాయంత్రానికి ఆవిడకు డబ్బు, నాకు మెమో అందాయి.

మేకర్, చెకర్ స్నేహంగా ఉండొచ్చు. మేనేజరు మాత్రం వాళ్ల స్నేహాన్ని చూసి కాదు, కాగితం చూసి సంతకం పెట్టాలి. ఆ ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

వెళ్లబోతూ రాములమ్మ బల్ల మీదున్న తన డిపాజిట్ ఫారం ముఖానికి దగ్గరగా తీసుకుంది. అడుగున నాయుడు, సన్యాసిరావు, నేను పెట్టిన సంతకాలను వేలితో లెక్కపెట్టింది.

"మూడున్నాయి గదా బాబూ. సదివినోడు ఒక్కడూ లేడేటి?"