మూడో పిలుపు

శీతాకాలపు సెలవుల ఆఖరి రోజున, ఉదయం పదకొండింటికి, సముద్రపు ఒడ్డున పరిచిన దుప్పటి మీద, సొంత కుటుంబమే పెదనాన్న నోరు మూయించింది. నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. ఏడు చేతులు లేచాయి, తీర్పు వెలువడింది: సాయంత్రం దాకా ఆయన ఎవరినీ పిలవరాదు.

ఆ చేతుల్లో ఏడోది లాయరమ్మది. న్యాయశాస్త్రం చదివి, ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా అర్జీ పట్టుకుని బయల్దేరే పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. అవతలివారి వాదన వినకుండా శిక్ష వేయరాదని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ ఇసుక వెచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది, కునుకు ముంచుకొస్తోంది. చెయ్యి ఎత్తేసింది.

ఇంతకీ పెదనాన్న చేసిన నేరం ఒక్కటే. ఆయన ఎవరినీ ఒక్కసారి పిలవరు. మూడుసార్లు పిలుస్తారు.

ముప్పై నాలుగేళ్లు కోర్టు గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలిచిన బంట్రోతు ఆయన. ఉద్యోగం విరమించారు గాని, గొంతు విరమించలేదు. ఇంట్లో టీ కాస్తే చాలు, వసారాలోకి వచ్చి ఛాతీ విరుచుకుని, "చిన్న మరదలు గారూ, హాజరు కావాలీ!" అంటారు. పక్కవాటాల తలుపులు తెరుచుకుంటాయి. రెండో పిలుపుకు వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. ఇక మూడోది ఉంది చూశారూ, అది అంత తేలిగ్గా రాదు. కళ్లజోడు తీసి తుడుస్తారు. గడియారానికి కీ ఇస్తారు. వంగి, బూటు లేసు విప్పి, మళ్లీ కడతారు. ఈలోగా టీ చల్లారిపోతుంది. మూడో పిలుపు పడందే ఎవరూ కప్పు ముట్టడానికి లేదు.

"మీ ఎదురుగానే కూచున్నాను కదండీ బావగారూ!" అని మొత్తుకుంటుంది పిన్ని.

"కూచుంటే సరిపోదమ్మా. పలకాలి."

ఆ ఉదయం సముద్రం దగ్గరా అదే వరస. ఉడకబెట్టిన గుడ్లు పంచడానికి ఎనిమిది పేర్లు, ఒక్కోటి మూడేసి సార్లు, అలల హోరును మించి. గొడుగుల కింద నిద్రపోతున్న జనం ఉలిక్కిపడి లేచారు. బాబాయి పేరే తనదీ అయిన ఒక పెద్దమనిషి ఎక్కడినుంచో వచ్చి, "హాజరు" అని, రెండు గుడ్లు తిని, కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు.

బాబాయికి తిక్క రేగింది. "అన్నయ్యా! ఇంత దూరం వచ్చింది అలల చప్పుడు వినడానికి. నీ చప్పుడు ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాం. ఈ ఒక్క పూట నోటికి తాళం వెయ్యి!"

"మరి ఎవరైనా వెనకబడిపోతే?"

"వెనకబడడానికి ఇదేమన్నా అడవా? ఇటు ఇసుక, అటు నీళ్లు!"

చేతులు లేచాయి. పెదనాన్న వాటిని వరసగా చూసుకుంటూ వచ్చి, లాయరమ్మ చేతి దగ్గర ఒక్క క్షణం ఆగారు. "కోర్టువారి చిత్తం," అని చతికిలబడ్డారు.

ఈ విచారణ వేళకు అత్త అక్కడ లేదు. పెదనాన్నకు అక్క ఆవిడ. మోకాలు ఇసుకతో పేచీ పెట్టుకోవడంతో, దూరంగా రోడ్డువారన బెంచీ మీద, అందరి సంచులకూ చెప్పులకూ కాపలా కూచుంది. ఆవిడ కోరిక ఒక్కటే. "నేనేం చూసినా చూడకపోయినా పరవాలేదే. పడవెక్కి, నీళ్లలోంచి ఒడ్డు ఎలా ఉంటుందో చూడాలి," అని దారి పొడుగునా లాయరమ్మ చెవిలో పోరింది. ఆఖరి పడవ మూడింటికి. తెల్లారితే తిరుగు ప్రయాణం.

మూడింటికి పడవవాడు గంట కొట్టాడు. దుప్పటి మీది జనం ఒక్క ఉదుటున పరుగెత్తి పడవెక్కారు. పెదనాన్న మాత్రం నీళ్ల అంచునే నిలబడిపోయారు.

"అందరూ వచ్చినట్టేనా?" అన్నాడు పడవవాడు.

"వచ్చారు, వచ్చారు. అన్నయ్యా, ఎక్కవేం?"

పెదనాన్న నోరు తెరిచారు. తీర్పు గుర్తొచ్చి మూశారు. కోర్టు ఉత్తర్వును ఆయన జన్మలో ధిక్కరించి ఎరగరు. చెయ్యెత్తి వెనక్కి చూపించారు.

"ఆ, ఒడ్డు బాగుంది, చూశాంలే. ఎక్కు!"

ఆయన ఎక్కలేదు. లాయరమ్మ చూస్తోంది. ఆయన పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఒకసారి. రెండోసారి. ఆ తరువాత వంగి, ఉత్త పాదాల మీద, లేని బూటుకు లేని లేసు కట్టసాగారు.

ఆమె ఆయన చెయ్యి చూపిన వైపు చూసింది. ఇసుకలో, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, అడుగడుక్కీ కూరుకుపోతూ, సగం దూరంలో అత్త.

లాయరమ్మకు తన ఎనిమిదో ఏట చూసిన కోర్టు వరండా గుర్తొచ్చింది. మూడు పిలుపులకూ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. పెదనాన్న రెండుసార్లు పిలిచి, చేతిలో కాగితాల కట్ట జారవిడిచారు. ఒక్కో కాగితం ఏరి, దుమ్ము ఊది, తీరిగ్గా సర్దారు. ఆఖరి కాగితం దగ్గర, గోడ పట్టుకుని మెట్లెక్కుతూ ఒక ముసలాయన పైకి తేలాడు. అప్పుడు పడింది మూడో పిలుపు. "మా పెదనాన్నకు చేతిలో ఏదీ నిలవదు," అని ఆ రోజు ఆమె పకపకా నవ్వింది. ఇంట్లో వెనకగది నుంచి వసారాకు అత్త నడిచి రావడానికి పట్టేది సరిగ్గా ఒక కళ్లజోడు, ఒక గడియారం, ఒక బూటు లేసు.

"ఆపండి!" అని ఆమె లేచిన విసురుకు పడవ ఊగింది. పిన్ని కెవ్వుమంది.

"ఏమైందే?"

"అప్పీలు!"

"ఎవరి మీద?"

"మన ఏడుగురి మీద. మొదటి ముద్దాయిని నేనే. పెదనాన్నా, మీ మీది ఉత్తర్వు కొట్టేశాను. పిలవండి!"

"రాతపూర్వకంగా ఏమన్నా ఉందా అమ్మా?"

"పెదనాన్నా!"

ఆయన ఛాతీ విరుచుకున్నారు. "అక్కయ్య గారూ, హాజరు కావాలీ!" ఒడ్డున వాలిన పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"వస్తున్నానురా, అరవకు! నలుగురూ చూస్తున్నారు!" అని ఇసుకలోంచి వినిపించింది.

రెండో పిలుపూ అయింది. పెదనాన్న తృప్తిగా మళ్లీ లేసు దగ్గరికి వంగారు.

లాయరమ్మ పడవలోంచి మోకాలి లోతు నీళ్లలోకి దూకి, మిగతా ఆరుగురి వైపు తిరిగింది. "మూడో పిలుపు ఇంకా ఉంది. అది పడేదాకా ఈ పడవ కదలదు. పొద్దున ఎత్తిన చేతులు గుర్తున్నాయిగా? వాటితో ఇప్పుడు పనిపడింది. దిగండి. ఎదురెళ్లి అత్తను పట్టుకుని తీసుకురండి. బాబాయ్, ముందు నువ్వు!"