కోడికూర మీద కామమ్మ ప్రార్థన

ప్రతి పొయ్యికీ ఒక గుణం ఉంటుంది. కట్టెల పొయ్యి ఏమరితే అడుగు మాడుస్తుంది, కుంపటి ఓపిక నేర్పుతుంది. ఉదయగిరిలో మిషను హాస్టలు పిల్లలకు ఏళ్ల తరబడి వండిన కామమ్మకు ఇవన్నీ తెలుసు. మంట వాలు చూసి ఎసరు సంగతి చెప్పేది. ఆత్మకూరులో కొడుకింటి మైక్రోవేవ్‌లో మాత్రం అసలు మంటే లేదు. మరి ఏం చూసి చెప్పేది?

పోయిన వారం ఫ్రిజ్‌లోని కోడికూర అందులో వేడిచేసి భర్త హెన్రీకి పెట్టింది. అంచుల్లో పులుసు కుతకుతలాడింది కానీ నడిమి ముక్కలు చల్లగానే ఉండిపోయాయి. పాపం, ఆయన వాంతులతో మంచం పట్టాడు.

"ఇంక నువ్వు దాన్ని ముట్టుకోబాక అత్తా. మామకు మధ్యాన్నం కూడు నేనే హాట్‌బాక్సులో పెట్టి పోతా" అంది కోడలు అనురాధ, బడికి బయల్దేరుతూ.

కామమ్మకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. అంతమంది పిల్లలకు పెట్టిన చెయ్యి, కట్టుకున్నవాడికి పెట్టడానికి పనికిరాకుండా పోయిందా? ఆదివారం చర్చి నుంచి రాగానే కోడలి ముందు నిలబడింది.

"నాకు నేర్పు. ఈసారీ తప్పితే నీ డబ్బాలోదే పెట్టు, నోరెత్తను."

అనురాధ స్టీలు గిన్నె పక్కన పెట్టి గాజుది ఇచ్చింది. "ముక్కలు చుట్టూ పేర్చి నడిమి ఖాళీగా వదులు. నడిమికి వేడి ఆలస్యంగా చేరతాది."

"ఓసినీ, గారెకు బొక్క పెట్టినట్టేగదా! ముందే చెప్పుంటే ఏం పోయింది?"

"నువ్వు అడిగితేగదా!"

మూత కొంచెం ఓరగా పెట్టారు. సగంలో ఆపి, కూర అడుగునుంచి కలిపి, మళ్లీ మైక్రోవేవ్ ఆన్ చేశారు. గంట మోగగానే కామమ్మ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగత్తా, కాసేపు అట్నే ఉండనీ. వేడి లోపలికి పాకాల."

"ఆకలయితా ఉండాది. ప్రార్థన చేసి పెట్టు, పొట్టిది చెయ్యి" అన్నాడు హెన్రీ కంచం ముందునుంచి.

కామమ్మ ప్రార్థనకు హాస్టల్లో పెద్ద పేరు. ఆమె ముగించేసరికి పప్పు మీద పొర కట్టేది, పిల్లలు ఒంటికన్నుతో కంచాలకు కాపలా కాసేవాళ్లు. ఆ భయంతోనే హెన్రీ ఎప్పుడూ మధ్యలోనే ఆమెన్ అనేస్తాడు. వాంతులు పట్టిన రోజూ అంతే. గంట మోగిందో లేదో ఆమెన్ అన్నాడు, ఆమె వడ్డించేసింది.

ఈసారి కామమ్మ మూసిన తలుపు ముందే కళ్లు మూసుకుంది. మర్రిపాడు మెట్టపొలాలకు వాన అడిగింది, సోమశిల వలలకు చేపలు అడిగింది.

"ఆమెన్" అన్నాడు హెన్రీ.

"ఊరుకో మామా, ఇంకా కాలేదు!" అంది అనురాధ.

కామమ్మ బద్వేలు దారి లారీవాళ్లకు క్షేమం అడిగి, కోడలి మోకాళ్ల నొప్పిని కూడా ప్రభువుకు అప్పజెప్పి, అప్పుడు ఆమెన్ అంది. తలుపు తీసి, అన్నిటికంటే లావు ముక్కను ఎముకదాకా చీల్చింది. లోపలినుంచి గుప్పున ఆవిరి లేచింది.

హెన్రీ ఆత్రంగా నోట్లో పెట్టుకున్నాడు. "అబ్బా! నాలిక కాలిందే!"

"విన్నావా అనురాధా, కాలిందంట!" అంది కామమ్మ, ముఖమంతా వెలుగుతూ.

అనురాధ నవ్వుతూ హాట్‌బాక్సు తీసి అటక మీద పెట్టేసింది.