దడి వెనక రాక్ షో

మా అన్న ఏటా గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్లేవాడు. ఒకసారి వస్తూ వస్తూ టేప్ రికార్డర్ ఒకటి చంకన పెట్టుకుని మా ఊరు చమఖండిలో దిగాడు. నాన్న దాంట్లో భక్తి పాటలు పెట్టించుకున్నాడు. అమ్మ రేడియో వినేది. అన్న మళ్లీ బోటెక్కాక అది నాతోపాటు బరంపురం వచ్చేసింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతూ అక్కడే హల్దియాపదర్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి మద్రాసు హార్బరులో పనిచేసేవాడు. చిన్నమ్మ బజారులో చేపలమ్మేది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఇచ్చిన క్యాసెట్‌తో నా పిచ్చి మొదలైంది. కటక్ కుర్రాళ్ల రాక్ బ్యాండ్ అది. సగం పాటలు ఇంగ్లీషులో, సగం ఒడియాలో ఉండేవి. గాయకుడి గొంతు ఇసుకలో పడవ ఈడ్చినట్టుండేది. ఇల్లు వదిలి వెళ్లిపోయే పాటలు, ఎవరికీ తలవంచనని చెప్పే పాటలు. ఒక పాటలో మధ్యలో డ్రమ్స్ ఆగిపోయి గిటారు ఒక్కటే సాగే చోటుంది. తీగ మీద వేలు జారినప్పుడు కీచుమన్న చప్పుడు కూడా రికార్డులో పడింది. ఆ వేలు ఎలా జారుతుందో కళ్లారా చూడాలని నాకు కోరిక. ఆ వయసులో అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు.

చిన్నమ్మకి ఆ పాటలు బొత్తిగా నచ్చేవి కావు. "ఏటే ఆ రొద, ఇంజను సెడిపోయిన బోటు నాగ" అనేది. అయినా ఆపమని ఎప్పుడూ అనలేదు.

ఆ బ్యాండ్ బరంపురం వస్తోందని గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఊళ్లోని ఒక క్లబ్బు వాళ్లు గ్రౌండులో షో పెట్టిస్తున్నారు. ఆ వారం ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను.

"సీకటిపూట మగోల్ల మజ్జిన నీకేటి పని?" అంది అమ్మ.

చిన్నమ్మ కూడా ఆ రోజు చమఖండిలోనే ఉంది. వలల పక్కన కూర్చుని కాళ్లు చాపుకుని, "నాను కూడా ఎల్తాను దాన్తోటి. అంత బయమైతే నా కొంగుకి ముడేసుకుంటాను, సాలా?" అంది. అమ్మ ఒప్పుకుంది.

షో రోజు చిన్నమ్మ బజారు నుంచి పెందలాడే వచ్చేసింది. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని స్నానం చేసి, పెళ్లిళ్లకి కట్టే ఆకుపచ్చ చీర కట్టింది. నేను క్యాసెట్ డబ్బాలోని అట్ట తీసి, ఆటోగ్రాఫ్ కోసమని పర్సులో పెట్టుకున్నాను. రిక్షాలో వెళ్తుంటే దారంతా సైకిళ్ల మీద కుర్రాళ్లు.

గేటు దాటగానే ఛాతీ మీద రిబ్బను బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు ఒకడు చెయ్యి అడ్డంపెట్టి, "లేడీస్ ఇటు" అన్నాడు.

అటు చూస్తే వెదురు దడి. పశువుల్ని తోలినట్టు ఒక సందులోంచి ఆడవాళ్లందరినీ అందులోకి తోలుతున్నారు. స్టేజీకి ఎడమ పక్కన, పెద్ద స్పీకర్ల వెనక, జనరేటరుకి ఆనుకుని ఉందది. లోపల నిలబడి చూస్తే స్టేజీ కనిపించదు. స్పీకరు పెట్టెల నల్లటి వెనకవైపు కనిపిస్తుంది. వాటి సందులోంచి డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లెం అంచు ఒకటి కనిపిస్తుంది. అంతే. జనరేటరు పొగ మా ముఖాల మీదికే వస్తోంది. స్టేజీ ఎదురుగా సోఫాలు వేశారు, వాటి వెనక గ్రౌండంతా మగవాళ్లు.

నేను వాలంటీరుని పిలిచి ఒడియాలో అడిగాను. "ఇక్కణ్ణుంచి ఏమీ కనిపించడం లేదు. మేమూ టికెట్టు కొన్నాం కదా?"

"మీ భద్రత కోసమే, అక్కా" అన్నాడు వాడు. నాకంటే పెద్దవాడు, అక్కా అన్నాడు. "పాట వినడానికే కదా వచ్చారు. వినపడుతుందిలే."

దడిలో నాలాంటి కాలేజీ అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఒక టీచరమ్మ భర్తతో వచ్చిందట. ఆయన్ని ముందుకి పంపించి ఈవిణ్ణి ఇటు తోశారు. "ఆయనకి ఈ పాటలంటే తలనొప్పి. రానంటే లాక్కొచ్చింది నేను" అందావిడ. చెప్పి నవ్వింది కానీ ఆ నవ్వు ఎవరికీ అంటలేదు.

సోఫాల మీద కూర్చోవలసిన పెద్దమనుషులు ఆలస్యంగా వచ్చారు. వాళ్లకి దండలు, శాలువాలు. తర్వాత ఉపన్యాసాలు. యువత గురించి, సంస్కృతి గురించి. ఆడవాళ్లని గౌరవించే నేల మనదని కూడా ఒకాయన అన్నాడు. ఆ మాట మా పక్క స్పీకర్లోంచే వచ్చింది కాబట్టి అందరికంటే గట్టిగా మాకే వినపడింది.

చివరికి లైట్లు ఆరి గిటారు మొదటి దెబ్బ పడింది. నా పక్కటెముకలు అదిరాయి. ఒళ్లంతా జల్లుమంది. పొగ మర్చిపోయాను, దడి మర్చిపోయాను. కళ్లు తెరిచినా ఎలాగూ ఏమీ కనిపించదు కదా అని కళ్లు మూసుకుని ఎగిరాను. అమ్మాయిలందరం పాడాం. చిన్నమ్మ చెవుల్లో కొంగు దోపుకుని నన్ను చూసి నవ్వింది.

రెండో పాట అయ్యేసరికి అవతల కుర్రాళ్లు దడి దగ్గరికి చేరారు. వెదురు సందుల్లోంచి వేళ్లు వచ్చాయి. తర్వాత చేతులు వచ్చాయి. ముందు ఒకమ్మాయి జడ లాగారు. ఇంకో అమ్మాయి మీద నీళ్లు పోశారు. మేం మధ్యలోకి జరిగాం. వెనక నుంచి కొత్తగా వస్తున్నవాళ్లు తోయడంతో మళ్లీ దడికే ఆనుకున్నాం. భద్రత కోసం కట్టిన దడి అది. ఎక్కడున్నామో అందరికీ తెలిసేలా, ఎటూ కదలకుండా మమ్మల్ని ఒకచోట కట్టిపెట్టింది.

నేను ఎదురుచూసిన ఆ పాట మొదలైంది. గిటారు ఒక్కటే సాగే చోటు వస్తోందని ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే ఒక చెయ్యి దడిలోంచి వచ్చి నా నడుం పట్టుకుని పిసికింది.

నేను అరవలేదు. ఆ చేతిని మణికట్టు దగ్గర రెండు చేతులతో పట్టుకున్నాను. వాడు లాక్కున్నాడు. నేను కాలు దడికి తన్నిపెట్టి లాగాను. వాడి చెయ్యి భుజం దాకా లోపలికి వచ్చేసింది. వెదురు గీసుకుని వాడు కేకపెట్టాడు.

"ఏటైందే?" అంది చిన్నమ్మ.

"సిన్నమ్మా, ఈడు నన్నట్టుకున్నాడు. నానొగ్గను."

చిన్నమ్మ చెవుల్లోంచి కొంగు తీసి నడుముకి దోపింది. నా చేతుల మీద తన చేతులు వేసింది. రోజూ ఐసు పెట్టెలు మోసే చేతులవి. "ఒగ్గకు" అంది. "ఆడి మొకం సూసినదాకా ఒగ్గకు."

అవతల గోల లేచింది. వాడి స్నేహితులు దడి ఊపుతున్నారు. వాలంటీర్లు పరిగెత్తుకొచ్చారు. మమ్మల్ని ఏమైందని ఒక్కడూ అడగలేదు. "చెయ్యి వదలండి, విరిగిపోతుంది" అన్నారు. చెయ్యి ఇటువైపుకి ఎలా వచ్చిందని మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఒక కానిస్టేబులు కర్రతో దడి మీద కొట్టి, "ఇలాంటి చోటికి ఆడవాళ్లు ఎందుకొస్తారు? వచ్చి మళ్లీ గొడవ" అన్నాడు.

పాట ఆగిపోయింది. గాయకుడు మైకులో, "ఏమిటది, అక్కడ ఏమైంది?" అని అడిగాడు. ఎవరో ఆయనకి ఏదో చెప్పారు. ఇన్నాళ్లూ ఎవరికీ తలవంచనని నా చెవిలో పాడిన మనిషి. ఇప్పుడు మాట్లాడతాడు అనుకున్నాను.

మాట్లాడాడు. "సిస్టర్స్, ఇవాళ రాత్రి ప్రేమది. కొట్టుకోకండి. గొడవ కావాలంటే ఇంటికెళ్లండి, మిగతావాళ్లని ఎంజాయ్ చెయ్యనివ్వండి."

గ్రౌండంతా నవ్వింది. ఈలలు, చప్పట్లు. నా పట్టు జారింది. వాడు చెయ్యి లాక్కుని జనంలో కలిసిపోయాడు. వాడి ముఖం నేను చూడనేలేదు.

ఆ తర్వాత భద్రత కోసమే అంటూ దడి మొత్తం ఖాళీ చేయించారు. ఆడవాళ్లని మాత్రమే. మమ్మల్ని వరసగా గేటు బయటికి నడిపిస్తుంటే వెనక మళ్లీ మొదటి నుంచి అదే పాట ఎత్తుకున్నారు. గిటారు ఒక్కటే సాగే చోటు వచ్చేసరికి మేము రోడ్డు మీద వేరుశెనక్కాయల బండి దగ్గర ఉన్నాం. ఆ టీచరమ్మ గోడ పక్కన నిలబడి, లోపల ఉండిపోయిన భర్త కోసం ఎదురుచూస్తోంది. ఆవిడ నవ్వడం మానేసింది.

"ఎల్దాం రా" అంది చిన్నమ్మ.

"నాను రాను. ఆడితో ఒక మాట సెప్పి ఎల్దాం."

"ఎవులితో?"

"ఆ పాడినోడితో."

అంతవరకూ నేను మనసులో కూడా 'ఆయన' అనే అనుకునేదాన్ని. చిన్నమ్మ నా ముఖం చూసి నా వెంట నడిచింది. స్టేజీ వెనక వీధిలో వాళ్ల వ్యాను ఆగి ఉంది. దాని పక్కన నిలబడ్డాం.

షో అయ్యాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. చుట్టూ క్లబ్బు వాళ్లు. నా చేతిలో క్యాసెట్ అట్ట ఉంది. అతనికి చూపించి, ఇది మీ పాటేనా అని అడుగుదామని పర్సులోంచి తీసి పట్టుకున్నాను. అతను దాన్ని చూసి, నేనేమీ అనకముందే అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, "పేరు?" అన్నాడు.

"దడి వెనక ఉన్న అమ్మాయిని" అన్నాను ఒడియాలో. "వాడు నా ఒంటి మీద చెయ్యి వేశాడు. నేను పట్టుకున్నాను. మీరు నన్ను ఇంటికి పొమ్మన్నారు."

పెన్ను ఆగింది. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలింది. వెంటనే నవ్వేశాడు. "అంత కోపం వద్దు సిస్టర్. కుర్రాళ్లు కదా, మ్యూజిక్ ఊపులో ఉంటారు."

చిన్నమ్మ నన్ను పక్కకి జరిపి ముందుకొచ్చింది. ఆవిడ ఒడియా బజారు ఒడియా, అందరికీ వినపడే ఒడియా. "ఊపు ఎక్కువైతే నీ గిటారు మీద వెయ్యమను ఆ చేతులు" అంది. "నా పిల్ల మీద కాదు."

క్లబ్బు వాళ్లు మమ్మల్ని వెనక్కి తోశారు. అతను సంతకం పూర్తిచేసి, ఏదో దానం ఇచ్చినట్టు అట్టని నా చేతిలో పెట్టి వ్యానెక్కాడు. కిటికీ పక్కన గిటారు వాయించేవాడు కూర్చుని ఉన్నాడు. మా మాటలన్నీ విన్నాడు, నా వైపే చూస్తున్నాడు. వ్యాను లోపలి లైటులో అతని చెయ్యి కనిపించింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాయి వేళ్లు. నేను చూడాలనుకున్న వేళ్లవే. అవి కిటికీ అద్దాన్ని నెమ్మదిగా మూసేశాయి.

ఆ అట్టని అక్కడే మురిక్కాలవలో పడేశాను. ఇంటికి నడిచి వచ్చాం, రిక్షా దొరకలేదు.

విషయం చమఖండి చేరడానికి ఎక్కువకాలం పట్టలేదు. అమ్మ మొదట అడిగిన మాట, "ఎవులైనా సూసినారా?" అని. నీకేమైంది అని కాదు. అన్న సెలవుకి వచ్చినప్పుడు, "నువ్వెందుకెల్లినావు మరి?" అన్నాడు. కానిస్టేబులు అడిగిందే అన్నా అడిగాడు. ఆ టేప్ రికార్డర్ కొని తెచ్చిన అన్న. నేను ఆ రోజు వాడితో అన్నం తినలేదు. అందరికంటే ఎక్కువ తిట్లు పడ్డది చిన్నమ్మకి. తీసుకెళ్లింది ఆవిడే కదా. ఆవిడ అన్నీ విని, "సెయ్యేసినోణ్ణి ఒగ్గీసి నన్ను తిడతారేటి" అని ఒక్కమాట అని, గిన్నెలు తోముకుంది.

మరుసటి ఏడాది అదే గ్రౌండులో వేరే బ్యాండ్ షో పెట్టారు. ఈసారి నేను అడగలేదు. చిన్నమ్మే టికెట్లు తెచ్చింది. "నువ్వు సూస్తానన్నది ఇంకా సూడ్నేదు కదా" అంది.

దడి మళ్లీ కట్టారు. వాలంటీరు మళ్లీ చెయ్యి అడ్డంపెట్టాడు. చిన్నమ్మ ఆ చేతి కిందనుంచి వంగి దూరి తిన్నగా గ్రౌండు మధ్యకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. వాడు అరుస్తూ వచ్చాడు. "టికెట్టు మీద దడి అని రాసి లేదు బాబూ" అందావిడ ఒడియాలో, నిలబడ్డచోటు నుంచి కదలకుండా. వాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి దడిలోంచి ఒకళ్లూ ఇద్దరూ అమ్మాయిలు వచ్చి మా పక్కన చేరారు.

గిటారు మీద వేళ్లు ఎలా జారతాయో ఆ రాత్రి చూశాను. బాగుంది. చాలా బాగుంది. కానీ చూస్తున్నంతసేపూ నా మోచేతులు రెండూ బయటికి పెట్టుకునే ఉన్నాను. వెనక ఎవడు నిలబడ్డాడో పాట పాటకీ తిరిగి చూసుకున్నాను. నా పక్కన ఒక కుర్రాడు కళ్లు మూసుకుని, చేతులు గాల్లోకి చాపి, ప్రపంచం మర్చిపోయి ఊగుతున్నాడు. మంచి పిల్లాడే అయ్యుంటాడు. నాకేమీ చెయ్యలేదు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.