షారన్ కోసం రాయని ఉత్తరం

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని ప్రభువు బల్ల దగ్గరికి మోసుకువెళుతున్నాను. రొట్టె విరిచి అందరికీ అందించే చేతులు నావే. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

అమెరికాలోని అరోరాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి నేను పెద్దని. షారన్ మా సండే స్కూల్లో పెరిగిన పిల్ల. కాలేజీలో చరిత్ర చదువుతూ, పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పత్రికా రచయిత ఒకడి మీద వ్యాసం రాసింది. అతను యువకుడిగా లండన్ వెళ్ళాడట. అక్కడ కాఫీ హోటళ్ళలో మామూలు జనం పేపరు చదివి, మంత్రులను తిట్టి, క్షేమంగా ఇళ్ళకు పోవడం చూశాడట. తిరిగి వచ్చాక, రాజును దేవుడే నియమించాడన్న మాటను ఇక నమ్మలేకపోయాడు. ఆ అధికారం ప్రజలదేనని రాశాడు.

అతని కాగితాలు చూడడానికి షారన్ ఒక సెమిస్టర్ పారిస్ వెళ్ళాలనుకుంది. స్కాలర్‌షిప్ ఇచ్చే క్రైస్తవ సంస్థకి సంఘ పెద్ద సిఫారసు ఉత్తరం కావాలి. రాస్తానన్నాను. ఆదివారం ఆరాధనలో ఆమె కోసం అందరిచేత ప్రార్థన కూడా చేయించాను.

ఉత్తరం రాయలేదు.

ఆ ప్రయాణం అతన్ని మార్చినట్టే ఈమెనూ మారుస్తుందని భయపడ్డాను. అది ఆమె విశ్వాసం గురించిన భయమేనా? లేక, రేపు తిరిగొచ్చి, సంఘంలో పెద్దల మాటే ఎందుకు చెల్లాలని నన్ను అడుగుతుందనా? మొదటిదేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఒక ఆదివారం భోజనాల దగ్గర, బిర్యానీ ప్లేటుతో నా పక్కకి వచ్చింది.

"అంకుల్, స్కాలర్‌షిప్ రాలేదు. లెటర్ అందలేదంటున్నారు. మీరు పంపారు కదా?"

"పంపానమ్మా."

"అయితే వాళ్ళ వెబ్‌సైట్ తినేసిందేమో." నవ్వింది. "కాల్ చేసి ఫైట్ చేయనా?"

"వద్దులే తల్లీ. దేవుని చిత్తం కాదేమో."

తల వంచి ఆమెన్ అంది.

షారన్ పారిస్ వెళ్ళలేదు. చరిత్ర వదిలేసి ఇప్పుడు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తోంది. ఏటా యూత్ క్యాంపులో సాక్ష్యం చెబుతుంది: "నేను అడిగా, గాడ్ నో అన్నాడు, అండ్ దట్స్ ఓకే." పిల్లలు శ్రద్ధగా వింటారు. ముందు వరుసలో కూర్చుని నేనూ వింటాను.

దేవుడు వద్దనలేదు. నేనన్నాను. ఆయన పేరు పెట్టి అన్నాను.

ఆమెకు చెప్పానా? లేదు. మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదనీ తెలుసు. ఇంతవరకు రాసి ఈ పొద్దున మోకాళ్ళూనాను. క్షమించమని అడగలేదు. షారన్ పేరు పలికాను. ఏడేళ్ళలో నా ప్రార్థనలో ఆ పేరు రావడం ఇదే మొదటిసారి.