పందొమ్మిది ఆప్షన్లు

ఆ రోజుల్లో మా తొర్రూరు వైపు చదువంటే ఆప్షన్లు పెట్టడమే. ఇంటర్ పాసైన పిల్లని ఏం చదువుతావని అడిగేవారు కారు, "ఆప్షన్లు పెట్టినవా? ఎన్ని పెట్టినవ్?" అని అడిగేవారు. మనం వరసగా కాలేజీల పేర్లూ కోర్సుల పేర్లూ ఎక్కించి ఇస్తే, ఎక్కడో ఉన్న కంప్యూటరు మన ర్యాంకు చూసి అందులోంచి ఒకటి తీసి చేతిలో పెడుతుంది. కాబట్టి ఎన్ని ఎక్కువ పెడితే అంత క్షేమం. ఐదే పెట్టి ఏదీ రాక ఏడాదంతా ఇంట్లో కూర్చున్న పిల్లల గురించి మా ఊళ్లో దయ్యాల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. నేను జనగామలో డిగ్రీ చేసింది అలాగే. నలభై ఆరు ఆప్షన్లు పెడితే ముప్పై ఒకటోది వచ్చింది. అది పర్యావరణ శాస్త్రమని చేరిన రోజే తెలిసింది. (మా నాన్న, అంటే బాపు, "మంచిదే గావచ్చు" అన్నాడు. ఆయనకు కూడా ఆ రోజే తెలిసింది.) ఇంతటి అనుభవం ఉన్నదాన్ని కాబట్టే, కెనడాలో ఒక విశ్వవిద్యాలయం నన్ను పై చదువుకు రమ్మని, మొదటి టర్మ్ కోర్సులు మీరే ఎంచుకోండని మెయిల్ పంపినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. బాపును వెంటబెట్టుకుని ఆప్షన్ల అన్న దగ్గరికి వెళ్లాను.

ఆప్షన్ల అన్నకు బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. పాలకుర్తి, జఫర్‌గఢ్ నుంచి కూడా జనం ఆటోలు మాట్లాడుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చేతి మీదుగా పెట్టిన ఆప్షను వృథా పోదని పేరు. పని మొదలుపెట్టే ముందు మానిటరుకు అగరుబత్తి వెలిగించి తిప్పేవాడు. మనిషి పేరు అడిగే అలవాటు ఆయనకు లేదు.

"ర్యాంకెంత చెల్లె?" అన్నాడు.

"ర్యాంకు లేదన్నా."

"హాల్ టికెట్ నంబరు చెప్పు."

"గది గూడ లేదు."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి బాపు వంక చూశాడు. "ర్యాంకు లేకుంట కౌన్సిలింగేంది కాకా? గా దేశపోళ్లు మనకంటె చానా ఎనుకవడి ఉన్నట్టున్నరు."

మెయిల్లో విషయం స్పష్టంగానే ఉంది. విద్యార్థులు ఒక టర్మ్‌లో మూడు కోర్సులు తీసుకుంటారని రాశారు. అది చదివి అన్నకు చెప్పాను కూడా. (నా తప్పేమీ లేదని కాదు, నాకు చదవడం వచ్చని చెప్పడానికి ఇది రాస్తున్నాను.) అన్న ఒక్క క్షణం ఆలోచించి, "అంటే మూడు అలాట్ చేత్తరన్నట్టు. మూడు రావాల్నంటె ఉన్నయన్ని పెట్టాలె. మూడే పెడితె ఒక్కటి గూడ రాదు" అన్నాడు. బాపు తల ఊపాడు, నేనూ ఊపాను. ఆ మాటలో మా ఇద్దరికీ ఏ లోపమూ కనిపించలేదు.

లిస్టులో పందొమ్మిది కోర్సులున్నాయి. వరస కోసం పెద్ద చర్చ జరిగింది. గణాంకాలకు గిరాకీ ఉంటుందని అన్న దాన్ని మొదట పెట్టించాడు. భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే మా మేనమామకు బాపు ఫోన్ చేస్తే, "తవ్వకాల కోర్సు ఏదన్న ఉంటె గది ఇడువకుండ్రి" అన్నాడు. తవ్వేసిన నేలను తిరిగి బాగుచేసే కోర్సు ఒకటుందని చెప్పాను. "తవ్వినంక బాగు గూడ చేత్తరా!" అని మామ ఆశ్చర్యపోయాడు. అది రెండోది అయింది. ఇలా దిగుతూ దిగుతూ పోయి అన్న ఒక చోట ఆగాడు.

"ఇదేంది చెల్లె?"

"పిట్టల కోర్సన్నా. అడవికి, చెరువుల కాడికి తీసుకపోతరు. పిట్టలను సూసి, గుర్తువట్టి రాసుకోవాలె."

"పిట్టలను సూసుటానికి సదువా? పొద్దుగాల మా ఇంటెనుకకు రా, ఉత్తగనే సూపిత్త."

బాపు పడీపడీ నవ్వాడు. సెంటర్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ లిస్టు వచ్చిన రోజు నుంచి నా కళ్లు ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి. చిన్నప్పుడు మక్కచేనులో చిలుకలను కొట్టి రమ్మని పంపితే, కొట్టకుండా వాటినే చూస్తూ కూర్చుని, కంకులన్నీ అవి తినేశాక తిట్లు తినడానికి ఇంటికి వచ్చిన పిల్లని నేను. కానీ నాకు ఫలానాది కావాలి అనే వాక్యం నా నోట్లో ఎప్పుడూ తిరగలేదు. "ఆఖరికి పడెయ్యన్నా, నంబరు నిండుతది" అన్నాను. పందొమ్మిదోదిగా పడేశాడు. ఆప్షన్లను ఇక మారకుండా ఫ్రీజ్ చేసే బటను ఎంత వెతికినా కనిపించలేదని కాసేపు పరేషానయ్యాడు గానీ, ప్రింట్లు మూడు తీసి ఇచ్చి, ఇక అలాట్‌మెంట్ కోసం చూడమన్నాడు.

చూశాం. బాపు పొద్దున్నే పొలానికి వెళ్తూ ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి "అచ్చిందా?" అని అడిగేవాడు. నాలుగో రోజు మెయిల్ వచ్చింది. దాన్ని ఫోన్లోనే అన్నకు చూపించాను. పైనున్న మొదటి లైను చదివి ఆయన లేచి నిలబడ్డాడు. "పందొమ్మిదికి పందొమ్మిది అచ్చినయా! నా సర్వీసుల గిసొంటి అలాట్‌మెంట్ సూడలె చెల్లె! కాకా, మిఠాయి తెప్పియ్యి!"

మిఠాయి తెప్పించేలోగా మిగతా లైన్లు చదివాను. అక్కడ బటను నొక్కితే ఆప్షను పెట్టినట్టు కాదట, కోర్సులో చేరిపోయినట్టేనట. ఎన్నిట్లో చేరవచ్చో పేజీలో హద్దు పెట్టలేదు, ఎందుకంటే అన్నిట్లో చేరేవాళ్లు ఉంటారని వాళ్లకు తోచలేదు. మంగళవారం ఉదయం పది గంటలకు మీరు ఒకేసారి నాలుగు గదుల్లో ఉండాలి, దీని గురించి మాట్లాడుకుందామా అని సలహాదారు మేడం ఎంతో మర్యాదగా రాసింది. కొన్ని కోర్సుల్లో పన్నెండు సీట్లే ఉన్నాయి, వాటి కోసం వేరే విద్యార్థులు వరసలో నిలబడి ఉన్నారు. శుక్రవారంలోగా మూడే ఉంచి మిగతావి వదలకపోతే నా పేరు మొత్తానికే పోతుంది, ఈ ఏడు రావడం కుదరదు. ఇదంతా వాళ్లిద్దరికీ తెలుగులో చెప్పాను.

బాపు భయపడింది వేరే దానికి. "మంది పిల్లల సీట్ల మీద కూసున్నమా బిడ్డ మనం?"

"కూసున్నం బాపు."

"జల్ది లెవ్వు మరి."

మర్నాడు సాయంత్రం ఆరున్నరకు, అంటే వాళ్లకు పొద్దున, ఇంటర్నెట్ సెంటర్లోనే ఆ మేడంతో వీడియో కాల్. తెల్లజుట్టు మేడం పెద్ద కప్పులో ఏదో తాగుతూ కనిపించింది. నా వెనక రెండు తలకాయలు చూసి, వీళ్లూ చేరుతున్నారా అని అడిగింది. లేదు, నా కమిటీ అన్నాను. గణాంకాలు తప్పనిసరట. మామ ముచ్చట తీర్చడానికి నేల బాగుచేసేది ఉంచుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది.

"మీకేది కావాలి?" అంది మేడం.

"ఏది మంచిది మేడం?"

"అన్నీ మంచివే. మీకేది కావాలి?"

"మిగతావాళ్లు ఏది తీసుకుంటున్నారు?"

ఆవిడ కప్పు పక్కన పెట్టి, అదే ప్రశ్న మూడోసారి, ఇంకా మెల్లగా అడిగింది. మెడ తిప్పి బాపు వంక చూశాను.

"ఏమంటాంది బిడ్డ?"

"నీకేం గావాలె అని అడుగుతాంది."

"చెప్పు మరి."

"తెల్వది బాపు. ఎన్నడు ఎవలు అడగలేదు గద."

నిష్ఠూరంగా అనాలని అనలేదు. ఉన్నమాట నోట్లోంచి జారిపోయింది, అంతే. బాపు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "అవు బిడ్డ. నేను గూడ అడగకపోతి" అన్నాడు. "ఇప్పుడు అడుగుతాన్న. ఏం గావాలె నీకు?"

"పిట్టలు" అన్నాను.

"పందొమ్మిదోదా!" అని ఆప్షన్ల అన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బాపు నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "నాకెందుకు జెప్పుతానవ్? మేడంకు జెప్పు. గటు దిక్కు సూసి జెప్పు" అన్నాడు. అటు తిరిగి చెప్పాను. నాకిది కావాలి అని చెప్పడం అదే మొదటిసారి. అది కూడా ఇంగ్లీషులో. మిగిలిన పదహారూ వదిలేయడానికి అన్న ఒప్పుకోలేదు. "అచ్చిన సీటు ఇడుసుడు నా చేతుల తోని గాదు చెల్లె, నువ్వే నొక్కుకో" అని మౌసు నా ముందుకు తోశాడు. పదహారు సార్లు నొక్కాను. ప్రతి నొక్కుకీ ఆయన నిట్టూర్చాడు.

పిట్టల కోర్సు నేననుకున్నట్టు లేదు. తెల్లవారకముందే మంచులో, గడ్డకట్టిన చెరువు పక్కన, వేళ్లు మొద్దుబారేదాకా నిలబడితే ఒక్క బాతు కూడా వచ్చేది కాదు. నా చదువు మొత్తంలో అతి తక్కువ మార్కులు వచ్చింది అందులోనే. ఆ సంగతి ఫోన్లో చెబితే బాపు, "మరి నీకు మంచిగనిపిచ్చిందా?" అని అడిగాడు. చానా మంచిగనిపిచ్చింది అన్నాను. "ఇగ సాలు తియ్యి" అన్నాడు. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగడం ఆయనకు అలవాటైంది.

నాకు మాత్రం కావాల్సింది చెప్పే అలవాటు పూర్తిగా రాలేదు. ఇప్పటికీ హోటల్లో ఏం కావాలమ్మా అని అడిగితే ముందు పక్క టేబులు మీదికి చూస్తాను. అప్పుడు గుర్తొస్తుంది, బస్టాండు వెనక గదిలో, మానిటరు ముందు కూర్చుని, మెడ వెనక్కి తిప్పి ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్న ఆ పిల్ల. నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. అయినా చివరికి చెప్పింది కదా అనుకుని, నేనూ ఇటు తిరిగి నాకేం కావాలో చెబుతాను.